మూడున్నర అడుగుల నీళ్ళు

మేము ఇదివరకు ఉన్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో స్విమ్మింగ్ పూల్ గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. ఇక్కడ లైఫ్‌గార్డ్ లేడు, మీ జాగ్రత్త మీదే అని దాని సారాంశం. టెక్సాస్‌లో ఏ అపార్ట్‌మెంట్ పూల్ దగ్గరైనా ఇలాంటి బోర్డే కనబడుతుంది. నాలుగేళ్ళపాటు రోజూ ఆ గేటు ముందునుంచే పార్కింగ్‌కి నడిచాను గానీ ఆ బోర్డు నాకోసం పెట్టారని ఏనాడూ అనుకోలేదు. జాగ్రత్త నీళ్ళలోకి దిగేవాళ్ళకి కదా, నేనెటూ దిగను కదా అని నా ధీమా.

రెండేళ్ళ కిందట జూన్‌లో ఒక శనివారం, పక్క బ్లాకులో ఉండే తెలుగువాళ్ళు పిల్లాడి పుట్టినరోజు ఆ పూల్ దగ్గర చేశారు. ఎండ మండిపోతోంది. పెద్దవాళ్ళందరం గొడుగుల కింద, పిల్లలందరూ నీళ్ళలో. అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, పక్కన ఐస్ డబ్బాలో కూల్‌డ్రింకులు. మా అమ్మాయికి అప్పటికి నాలుగేళ్ళు. నీళ్ళలోకి దిగే మెట్ల మీద కూర్చుని ఆడుకుంటానంది. సరేనని ఆ మెట్ల దగ్గరే గట్టు మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. నా కాపలా ఎలాంటిదంటే... చేతిలో ప్లేటు, ఒక కన్ను పిల్ల మీద, రెండో కన్ను పక్కాయన చెప్తున్న వీసా కబుర్ల మీద.

చప్పుడేమీ రాలేదు. నేను తల తిప్పి చూసేసరికి మెట్ల మీద పిల్ల లేదు. చివరి మెట్టు దిగిపోయి నీళ్ళలో నిలువుగా ఉంది. జుట్టు పైన తేలుతోంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, నోరు నీళ్ళ మట్టం దగ్గర పైకీ కిందకీ అవుతోంది. నాకూ తనకీ మధ్య దూరం ఎంతనుకున్నారు? నాలుగడుగులు. అక్కడ లోతు మూడున్నర అడుగులని గట్టు మీద టైలులో అంకెలు రాసే ఉన్నాయి. నా ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. దిగితే నీళ్ళు నా నడుం దాటి కొంచెం పైకి వస్తాయంతే.

నేను దిగలేదు.

దిగకూడదని అనుకోలేదు. కాళ్ళు రాలేదు. ప్లేటు పడిపోయింది, నోట్లోంచి ఏదో కేక వచ్చింది, గట్టు అంచున మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి చాచాను, అందలేదు. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగి ఉంటుంది. ఈలోపు పక్కనే ఆడుకుంటున్న పదేళ్ళ పిల్ల, పుట్టినరోజు కుర్రాడి అక్క, మా అమ్మాయిని చంకల కింద పట్టుకుని మెట్టు మీద నిలబెట్టేసింది. చాలా మామూలుగా, కింద పడ్డ బంతి తీసిచ్చినట్టు. మా అమ్మాయి దగ్గింది, ఏడ్చింది, పది నిమిషాల తర్వాత కేక్ తింది.

ఆ తర్వాత అందరూ అన్న మాటలు వరసగా గుర్తున్నాయి. "దిష్టి తీయించండి." "ఇంక నీళ్ళ దగ్గరికి తీసుకురాకండి." "ఏం కాలేదు కదా, వదిలెయ్ బాస్." నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నేను దిగలేదన్న సంగతి చూసినవాళ్ళు కూడా చూడనట్టే ఊరుకున్నారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక్కమాటే అంది: "దానికి నేర్పించే ముందు నువ్వు నేర్చుకో."

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. మాది కృష్ణా జిల్లాలో కాలవ గట్టున ఉన్న ఊరు. వేసవిలో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ నీళ్ళు వదిలాక ఊళ్ళో మగపిల్లలంతా రేవులోనే ఉంటారు. నడుముకి జీలుగు బెండ్లు కట్టుకుని కొందరు, గేదె తోక పట్టుకుని కొందరు, ఏమీ లేకుండా వంతెన మీదనుంచి దూకేవాళ్ళు కొందరు. అందరికీ ఈత వచ్చు, నాకు తప్ప. కాలవ గట్టున పుట్టి ఈత రానివాడు ఎలా ఉంటాడంటే, హోటల్ నడిపేవాళ్ళింట్లో పుట్టి పస్తున్నవాడిలా ఉంటాడు.

కారణం మా మావయ్య. నేను ఆయన్ని చూడలేదు, ఫొటో కూడా లేదు. మా అమ్మ తమ్ముడు, పదకొండేళ్ళకే పోయాడు. శ్రావణమాసం, కాలవ నిండుగా కొత్తనీటితో పారుతోంది. అమ్మకి అప్పుడు పధ్నాలుగేళ్ళట, అదే రేవులో బట్టలుతుకుతోంది. తమ్ముడు పక్కనే ఆడుకుంటున్నాడు. ఒక దుప్పటి పిండి తల ఎత్తేసరికి లేడు. మర్నాడు దిగువన లాకుల దగ్గర దొరికాడు. ఈ కథ అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ ఒకే మాట దగ్గర ఆగేది: "చప్పుడు కూడా రాలేదురా." ఇంకోమాట కూడా అనేది, బురదనీళ్ళు, అడుగు కనబడలేదని.

అందుకని నాకు కాలవ నిషిద్ధం. స్నానం నూతి దగ్గరే. పుష్కరాలకి వెళితే కూడా నామీద చెంబుతో పోశారు తప్ప మెట్టు దిగనివ్వలేదు. ఇంజనీరింగ్‌లో ఉండగా ఫ్రెండ్స్‌తో సూర్యలంక బీచికి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఒడ్డున చెప్పులకీ సెల్‌ఫోన్లకీ కాపలా ఉన్నాను. ఒకసారి నలుగురు కలిసి ఎత్తుకుని కెరటాల్లో పడేశారు. "తోసేస్తే అదే వస్తుంది మావా" అని వాళ్ళ సిద్ధాంతం. ముక్కులోంచి ఉప్పునీళ్ళు కక్కుకున్నాను, ఈత మాత్రం రాలేదు. వచ్చిందల్లా భయానికి ఇంకో కారణం.

మన దగ్గర భయానికి తెలిసిన వైద్యాలు ఈ రెండే అనిపిస్తుంది. ఒకటి అమ్మల వైద్యం: దాని జోలికి పోకు. రెండోది ఫ్రెండ్స్ వైద్యం: కళ్ళు మూసుకుని దూకెయ్. చూడ్డానికి ఉత్తరం దక్షిణంలా ఉంటాయి గానీ రెండింట్లోనూ ఒకటే లోపం. రెండిటివల్లా నీళ్ళ గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు. నీళ్ళలో మనిషి ఎందుకు మునుగుతాడు, ఎందుకు తేలతాడు, ముక్కులోకి నీళ్ళెందుకు పోతాయి... ఏమీ తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉండి! ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో తేలే వస్తువుల స్థిరత్వం మీద పదహారు మార్కుల ప్రశ్నకి బొమ్మతో సహా జవాబు రాసి పాసయినవాణ్ణి. ఆ బొమ్మలో తేలుతున్నది ఓడ. నేను కాదు.

మూడో వైద్యం వ్యక్తిత్వ వికాసం పుస్తకాలది. ఎంసెట్ లాంగ్‌టర్మ్ రోజుల్లో మా హాస్టల్ గదిలో యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారింది. దాన్ని తక్కువ చెయ్యను, ఆ వయసులో మమ్మల్ని పుస్తకం పట్టుకునేలా చేసింది. కానీ ఆ తర్వాత వచ్చిన వందలాది పుస్తకాలు, వీడియోలు, ఆఫీసులో పెట్టే మోటివేషన్ సెషన్లు అన్నీ ఒకటే మాట అంటాయి: భయాన్ని జయించు. యుద్ధభాష. భయం శత్రువు, నువ్వు సైనికుడివి, ఒక్క దూకు దూకితే అవతల నువ్వు కొత్త మనిషివి. నాకు ఈ మాట మీదే తగువు. ఆ రోజు మూడున్నర అడుగుల నీళ్ళ ముందు నాకు ధైర్యం తక్కువై కాళ్ళు రాలేదని మొదట్లో అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. కన్నపిల్ల మునుగుతుంటే ధైర్యం తక్కువయ్యే తండ్రి ఉండడు. తక్కువైంది ధైర్యం కాదు, పరిచయం. ఆ నీళ్ళలో నిలబడొచ్చని నా బుర్రకి తెలుసు, ఒంటికి తెలియదు.

సరే, వై.ఎం.సి.ఏ.లో పెద్దవాళ్ళ క్లాసులో చేరాను. వారానికి రెండు రోజులు, రాత్రి ఏడున్నరకి. మా బ్యాచ్‌లో నలుగురం. మనవలతో కలిసి క్రూజ్‌కి వెళ్ళాలని వచ్చిన ఒక మెక్సికన్ మామ్మగారు, ఒక నర్సు, ఆరున్నర అడుగుల ఒక ట్రక్ డ్రైవర్, నేను. అమెరికాలో అందరికీ పుట్టుకతో ఈత వచ్చని నా భ్రమ. ఇక్కడి సిడిసి 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 4 కోట్లమంది పెద్దవాళ్ళకి ఈత రాదు. ఆ లెక్క ముందే తెలిసుంటే లాకర్ రూంలో అరగంటసేపు తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాణ్ణి కాదేమో. ఎందుకంటే పక్క లేన్‌లో అయిదేళ్ళ పిల్లల క్లాసు. మేం గోడ పట్టుకుని వణుకుతుంటే వాళ్ళు మావైపు జాలిగా చూసేవాళ్ళు.

మా టీచరమ్మకి అరవై దాటుంటాయి. మొదటిరోజు ఈత ఊసే ఎత్తలేదు. నడుములోతు నీళ్ళలో నిలబడి గడ్డం ముంచమంది. తర్వాత పెదాలు. తర్వాత ముక్కు. ముక్కు ముంచినప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, హమ్ చెయ్యండి, ఏదైనా పాట కూనిరాగం తియ్యండి అంది. కూనిరాగం తీస్తుంటే ముక్కులోంచి గాలి బయటికి వస్తుంటుంది. గాలి బయటికి వస్తుంటే నీళ్ళు లోపలికి రాలేవు. ఇంతే! సూర్యలంకలో ముక్కులోకి ఉప్పునీళ్ళు ఎందుకు పోయాయో పదిహేనేళ్ళ తర్వాత అర్థమైంది. ఊపిరాడక గుండె దడదడలాడే ఆ కంగారు కూడా ఎక్కువగా ఆక్సిజన్ అయిపోయి కాదట, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి. బిగబట్టినకొద్దీ పేరుకుంటుంది. వదిలేస్తుంటే కంగారు తగ్గుతుంది. నేనేమో చిన్నప్పటినుంచీ నీళ్ళంటే బిగబట్టడమే అనుకున్నాను.

నాలుగో క్లాసులో తేలడం అనుకుని వెళ్ళాను. కాదు, ముందు లేవడం నేర్పింది. నీళ్ళ మీద బోర్లా ఉన్నవాడు మళ్ళీ కాళ్ళ మీద నిలబడటం ఎలాగో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా మీకు? నాకు చెప్పలేదు. అదొక విద్య. మోకాళ్ళు పొట్టలోకి లాక్కోవాలి, చాచిన చేతుల్ని కిందకి నొక్కాలి, అప్పుడు నడుం కిందకి దిగుతుంది, పాదాలు నేలకి తగులుతాయి, ఆ తర్వాత తల ఎత్తాలి. కంగారుపడేవాడు తల ముందు ఎత్తుతాడు. తల ఎత్తితే నడుం మునుగుతుంది, కాళ్ళు వెనక్కి వేలాడతాయి గానీ నేలకి ఆనవు, వాడు అక్కడే కొట్టుకుంటాడు. ఊపిరితిత్తులు గాలి తిత్తులు కాబట్టి ఛాతీ తేలుతుంది, కాళ్ళు బరువు కాబట్టి దిగుతాయి. మనిషి ఒక తక్కెడ. ఒకవైపు ఎత్తితే రెండోవైపు దిగుతుంది. పదహారు మార్కుల ప్రశ్న అప్పుడు అర్థమైంది నాకు.

లేవడం ఇరవైసార్లు చేయించింది. ఇరవయ్యోసారికి ఏం జరిగిందంటే, భయం తగ్గలేదు గానీ బోర్ కొట్టింది. మా పుస్తకాలేవీ చెప్పని సంగతి ఇది. విజయగర్వం లేదు, కళ్ళనీళ్ళు లేవు, వెనకాల మ్యూజిక్ లేదు. పంతొమ్మిదోసారి కాళ్ళు నేలకి ఆనినప్పుడు "ఇంట్లో పెరుగుంటే మజ్జిగ చేసుకోవచ్చు" అని ఆలోచిస్తున్నాను. ముప్ఫయ్యేళ్ళు నన్ను పీడించిన భయం ఆ ఒక్క కదలిక వరకూ విసుగుగా మారిపోయింది. ఆ ఒక్క కదలిక వరకే సుమా. తర్వాతి కదలికకి మళ్ళీ మొదటినుంచీ.

(ఇది ఆఫీసులో కూడా పనికొచ్చింది. రాత్రిపూట ప్రొడక్షన్ రిలీజ్ అంటే నాకు ముందురోజునుంచే కడుపులో తిప్పేది. ఇప్పుడు రిలీజ్ ఎలా చెయ్యాలో చూసుకునే ముందు వెనక్కి ఎలా తీసుకోవాలో రాసుకుని, టెస్ట్ సర్వర్ మీద విసుగు పుట్టేదాకా చేసి చూస్తాను. ముందు లేవడం, తర్వాతే తేలడం. ప్రతి విషయానికీ ఈత పాఠం అంటగట్టేవాడిగా తయారయ్యావని మా ఆవిడ గొడవ. నిజమే, పచ్చడి కలిపేటప్పుడు కూడా చెప్తున్నానట.)

తొమ్మిదో వారంలో లోతువైపు తీసుకెళ్ళింది. తొమ్మిదడుగులు. నిచ్చెన పట్టుకుని దిగి వదిలెయ్యాలి, చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఒక్క నిమిషం ఉన్నచోటే ఉండాలి. ఆ రోజు మధ్యాహ్నం నుంచే నాకు అన్నం సయించలేదు. నిచ్చెన దగ్గర ట్రక్ డ్రైవర్ తన భాషలో ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడు, నేను కూడా ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. "లోతు చూడకండి. మీరు ఉండేది పై అడుగులోనే, కింద ఎనిమిదడుగులు ఉంటే ఏంటి, ఎనభై అడుగులు ఉంటే ఏంటి" అంది టీచరమ్మ. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా వదిలిన మొదటి పది సెకన్లూ పాదాల కింద నేల లేకపోవడం ఒళ్ళంతా తెలిసింది. ఆ పదకొండేళ్ళ పిల్లాడు గుర్తొచ్చాడు, నేనెప్పుడూ చూడనివాడు. నలభై సెకన్లున్నాను. మళ్ళీ దిగి అరవై అయ్యేదాకా ఉన్నాను. మామ్మగారు మొదటిసారే రెండు నిమిషాలుంది, అది వేరే సంగతి.

ఇప్పటికీ నా ఈత చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పాతిక గజాల లేను మధ్యలో ఆగకుండా అవతలకి చేరితే అది పండగే. కానీ నేను చెప్పదలుచుకున్నది నా ఈత గురించి కాదు, నా భయం ఏమైందన్న దాని గురించి. అది పోలేదు. చోటు మారింది.

ఇదివరకు నాకు భయం ఉన్నది మూడున్నర అడుగుల తేటనీళ్ళంటే. అదే నేను మా చుట్టుపక్కల పెద్ద చెరువుల ఒడ్డుకి, లూయిస్‌విల్ లేక్‌కీ, టెక్సోమా లేక్‌కీ, గ్రిల్లూ చాపలూ పట్టుకుని పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు పిల్లని మోకాలిలోతులో వదిలేసి మొక్కజొన్న కండెలు కాల్చుకునేవాణ్ణి. దిగితేగాని లోతు తెలియదంటారు. నిజానికి దిగడం నేర్చుకున్నాకే నాకు ఆ చెరువుల లోతు తెలిసింది. అవి ఆనకట్టలు కట్టి నింపిన చెరువులు. కింద పాత నేల ఎలా ఉంటే అలా ఉంటుంది, ఒక అడుగు మోకాలిలోతు, తర్వాతి అడుగు తల మునిగేంత కావచ్చు. మునిగిపోయిన చెట్ల మోళ్ళుంటాయి. నీళ్ళు మట్టిరంగు, జానెడు కింద ఏముందో కనబడదు. ఇప్పుడు చెరువు దగ్గర లైఫ్ జాకెట్ లేకుండా మా పిల్లని చీలమండలోతుకి కూడా పోనివ్వను, నేనూ వేసుకుంటాను. చూసినవాళ్ళు "ఈత నేర్చుకున్నాక నీకు భయం ఎక్కువైందేంట్రా" అంటున్నారు. అవును, ఎక్కువైంది. ఇదివరకు నాది గుడ్డిభయం. ఇప్పుడు దానికి కళ్ళొచ్చాయి.

ఇంకోటి కూడా తెలిసింది. 1970ల్లో ఫ్రాంక్ పియా అని న్యూయార్క్‌లో ఆర్చర్డ్ బీచ్ లైఫ్‌గార్డ్ ఒకాయన మునిగిపోతున్నవాళ్ళని ఫిల్మ్ తీసి, వాళ్ళు ఎలా ప్రవర్తిస్తారో పరిశీలించాడు. నిజంగా మునిగేవాడు సినిమాల్లోలా చేతులూపి కేకలు పెట్టడు. నోరు నీళ్ళపైకి వచ్చిన ఆ అరక్షణం గాలి పీల్చుకోవడానికే చాలదు, ఇంక అరవడానికేదీ? చేతులు పైకి ఊపడానికి రావు, ఆ నీళ్ళనే ఆసరా అనుకుని పక్కలకి చాచి కిందకి నొక్కుతుంటాయి. మనిషి నిలువుగా, నిశ్శబ్దంగా ఉంటాడు. ఒడ్డునుంచి చూసేవాడికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పిల్ల సంగతి ఒకటి, మా అమ్మ సంగతి ఇంకోటి. "చప్పుడు కూడా రాలేదురా" అని ఆవిడ యాభై ఏళ్ళుగా అంటున్నది తన్ను తాను తిట్టుకోవడం. వినవలసిన చప్పుడేదో వినలేదని. అసలు చప్పుడే ఉండదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ప్రతి వేసవిలోనూ మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక వార్త వస్తుంది. ఎమ్మెస్ చదువుకోవడానికి వచ్చిన కుర్రాడో, ఇద్దరు ఫ్రెండ్సో, చెరువు దగ్గరో జలపాతం దగ్గరో దిగి రాలేదని. వెంటనే శవాన్ని ఇంటికి పంపడానికి చందాలు, ఫొటో కింద చేతులు జోడించిన బొమ్మలు, వాటి కింద "అసలక్కడికి ఎందుకు వెళ్ళాలి" అన్న మందలింపులు. అదే అమ్మల వైద్యం మళ్ళీ. ఇరవై రెండేళ్ళవాడు శని ఆదివారాల్లో నీళ్ళ దగ్గరికి వెళ్ళకుండా ఉంటాడా? వెళ్తాడు. ఫ్రెండ్స్ అందరూ దిగుతారు, నాకు రాదు అని చెప్పుకోడానికి నామోషీ, దిగుతాడు. జీఆర్ఈకి కోచింగ్ ఉంది, వీసా ఇంటర్వ్యూకి కోచింగ్ ఉంది, సామాన్ల లిస్టులో ప్రెషర్ కుక్కర్ గాస్కెట్లు ఎన్ని తెచ్చుకోవాలో కూడా చెప్తారు. చెరువులోకి లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దని, మునిగేవాణ్ణి రక్షించడానికి ఈత రానివాడు దూకొద్దని, తాడో కర్రో ఖాళీ కూలర్ డబ్బానో విసరమని ఎవరూ చెప్పరు. కొత్తగా వచ్చిన విద్యార్థులకి మన సంఘాలవాళ్ళు స్వాగత సభలు పెడతారు కదా, అందులో ఒక్క పది నిమిషాలు దీనికి ఇవ్వలేరా? నేను ఈమాట ఒక పెద్దాయనతో అంటే "శుభమా అని పిల్లలొస్తే చావు మాటలెందుకండీ" అన్నారు.

అదే మన ఇబ్బంది. భయం పేరు ఎత్తితే అశుభం. భయపడుతున్నానని ఒప్పుకుంటే పిరికితనం. కాబట్టి ఎవరి భయం గురించీ ఎవరికీ వివరంగా తెలియదు. ఇక్కడ ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి అన్నిటికంటే పెద్ద కారణం నీళ్ళలో మునగడమేనని నాలుగేళ్ళ పిల్ల తండ్రినైన నాకు తెలియదు. కారు సీటు గురించి తెలుసు, టీకాల తేదీలు తెలుసు, గ్లూటెన్ గురించి కూడా తెలుసు.

మా అమ్మాయి ఇప్పుడు నాకంటే బాగా ఈదుతుంది. పిల్లలకి మూడు నెలల్లో వచ్చే విద్య ఇది, నాకు పట్టినట్టు ఏడాది పట్టదు. నేను నేర్చుకుంటున్న సంగతి అమ్మకి మాత్రం ఏడాదిపాటు చెప్పలేదు. మంగళ, గురువారాలు రాత్రి మీటింగులున్నాయని చెప్పేవాణ్ణి. ముప్ఫై అయిదేళ్ళవాణ్ణి, అమ్మకి తెలియకుండా సిగరెట్ తాగేవాడిలా ఈతకి వెళ్ళేవాణ్ణి.

పోయిన ఆగస్టులో చెప్పక తప్పలేదు. వీడియో కాల్‌లో మా అమ్మాయే "నానమ్మా, నేనూ నాన్నా డీప్ ఎండ్‌లో దూకాం" అనేసింది. అమ్మకి 'డీప్ ఎండ్' అర్థం కాలేదు గానీ 'దూకాం' అర్థమైంది. కాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నేనే గబగబా చెప్పుకొచ్చాను, టీచర్ ఉంటుందమ్మా, లైఫ్‌గార్డ్ ఉంటాడు, పిల్ల ఎప్పుడూ నా చెయ్యి దూరంలోనే ఉంటుంది అని. మునిగేవాళ్ళ దగ్గర్నుంచి చప్పుడు రాదన్న సంగతి కూడా చెప్పాను. అది అప్పుడు చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. నువ్వు పక్కనే ఉన్నా వినబడదమ్మా, ఎవరికీ వినబడదు, పక్కనే కూర్చున్నా నాకూ వినబడలేదు అన్నాను. ఆ పుట్టినరోజు సంగతి ఆవిడ వినడం అదే మొదటిసారి.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చీర కొంగుతో ఫోన్ తెర తుడుస్తున్నట్టుంది, బొమ్మ అటూ ఇటూ ఊగింది.

"అడుగు కనబడుతుందా నాన్నా ఆ నీళ్ళలో?" అంది.

"కనబడుతుందమ్మా. తొమ్మిదడుగుల కింద జాలీ కూడా కనబడుతుంది. అది కనబడకపోతే ఎవర్నీ దిగనివ్వరు, మూసేస్తారు."

"మరి నయమే. దాని జడ గట్టిగా వెయ్యమని చెప్పు మీ ఆవిడకి, తడి జుట్టుతో తిరిగితే జలుబు చేస్తుంది" అని, పిల్లని ఫోన్ దగ్గరికి పిలిచింది.